ఉన్నది ఉన్నట్టు చెప్పిన పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ పోయిందని మా ఊరు మాచర్ల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాకు ఏడుపు కంటే ముందు భయమేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అదే నిజం.

నాది హైదరాబాదులో రహస్య కాగితాలు చూసే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. నా నడవడి గురించి ఆరా తీయడానికి మా వీధికి మామూలు బట్టల్లో పోలీసు మనిషి వస్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు నాకింకా పెళ్లి కాలేదు. అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తున్న పెద్దమ్మను, "ఈ పక్కింటి అమ్మాయి ఎలాంటిది?" అని అడిగాడట. పెళ్లి సంబంధం అనుకుంది. ఆడపిల్ల సంబంధం చెడే మాట మా వీధిలో ఎవరూ అనరు. నాలుగు కలిపే చెబుతారు. "బంగారమయ్యా. మేనమామ దుబాయ్‌లో ఉంటాడు, చానా ఉన్నోళ్లు" అంది.

నాకసలు మేనమామే లేడు. విదేశాల్లో బంధువులు లేరని ఫారంలో రాసి సంతకం పెట్టాను. ఎందుకు దాచావని ఆఫీసులో సంజాయిషీ అడిగారు. నా దగ్గరున్న కాగితాల గది తాళంచెవి తీసేసుకున్నారు. ముద్ద దిగేది కాదు నాకు.

సంగతి తెలిసి పెద్దమ్మ బస్సెక్కి నరసరావుపేట పోలీసు ఆఫీసుకు వెళ్లి ఆ మనిషిని వెతికి పట్టుకుంది. "అబద్ధమాడింది నేనయ్యా, పిల్ల కాదు. రాసుకో" అని వేలిముద్ర వేసి వచ్చింది. పోలీసు జీపు కనిపిస్తే తలుపేసుకునే మనిషి. ఆ వేలిముద్రతోనే నా ఉద్యోగం నిలిచింది.

తర్వాత ఎప్పుడొచ్చినా ఆయనకు కుర్చీ వేసి, నా కోపం, నోటి దురుసుతో సహా చెప్పేది. "మంచైనా సరే, లేంది చెప్తే కొంపలంటుకుంటయ్యే" అనేది. ఆయన బండి మలుపు తిరగ్గానే ఫోన్ చేసేది. "వచ్చి పోయాడే. ఉన్నది ఉన్నట్టు చెప్పా. కడుపునిండా తిను." అప్పుడు తినేదాన్ని.

ఇదివరకు కొన్నేళ్లకోసారి వచ్చేవాళ్లు. ఇప్పుడు ఈ విచారణకు ఆగడమంటూ లేదట, ఎప్పుడైనా వస్తారట.

పెద్దకర్మ రోజు భోజనాల వేళ బండి ఆగింది. కొత్త మనిషి. "పక్కింటివాళ్ల అమ్మాయి గురించి అడగాలి. పెద్దావిడ ఉన్నారా?" అన్నాడు. చేతిలో సాంబారు గరిటెతో షామియానా వెనక నిలబడిపోయాను. ఎవరో దండేసిన పెద్దమ్మ ఫొటో చూపించారు.

"అయ్యో. పోనీ మీలో ఎవరైనా చెప్పండి" అని పెద్దమ్మ వేసే కుర్చీలోనే కూర్చుని పెన్ను మూత తీశాడు.

దుబాయ్ మేనమామ సంగతి తెలియనివాళ్లు మా వీధిలో లేరు. ఏ మాట ఎవరి మెడకు చుట్టుకుంటుందోనని అందరూ తలలు వంచి అన్నం కలుపుకుంటున్నారు. ఆయన కాగితం తెల్లగానే ఉంది. దండ వెనక నుంచి పెద్దమ్మ ఒక్కతే ఆయన వైపు చూస్తోంది.