మా గేదె పొడిచిన చోటు

దయ్యాలున్నాయనే వాళ్ళతో నేను పోట్లాడే రకం. నవ్వి ఊరుకోవడం నాకు చేతకాదు, కూర్చోబెట్టి మరీ పోట్లాడతాను. తునిలో మా నాన్న రైల్వే గుమస్తా. క్వార్టర్స్ వెనక చింతచెట్టు మీద ఏదో ఉందని అందరూ భయపడుతుంటే, పందెం కాసి ఆ చెట్టు కిందే కూర్చుని ఇంటర్ పరీక్షలకి చదివాను. చదువు వచ్చింది కానీ దయ్యం రాలేదు. ఇప్పుడు అడిగినా లేవనే అంటాను. కానీ మా ఇంటి వెనక గోడ దగ్గర జరిగినది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను. మీరేమనుకుంటారో మీ ఇష్టం.

తొంభైల చివర మాట. రావులపాలెం దాటాక కాలవ పక్కన ఊరు మా అత్తవారిది. మావయ్యగారికి అరటి తోట, పాకలో ఒక గేదె. పెళ్ళైన మూడో ఏట నాకు కడుపొచ్చింది. ఏడో నెలలో ఒక పొద్దున్న లేచేసరికి బిడ్డ కదలడం లేదు. రాజమండ్రిలో ఆసుపత్రికి తీసుకెళ్తే, గుండె ఎప్పుడో ఆగిపోయిందన్నారు.

ప్రాణం లేని బిడ్డకి కూడా నొప్పులు పడాల్సిందేనని నాకప్పటిదాకా తెలియదు. రాత్రంతా పడ్డాను. మంచం కమ్మీ పట్టుకుని లాగీ లాగీ అరచేయి చీరుకుపోయింది. పట్టుకోడానికొచ్చిన మా ఆయన చేతిని రక్తం వచ్చేలా కొరికాను. ఆ మచ్చ ఆయనకి ఇప్పటికీ ఉంది. మర్నాడు మధ్యాహ్నం మూడు దాటాక పుట్టింది. ఎదురుగా గోడ గడియారం ఉంది కాబట్టి టైము తెలుసు.

నాకు చూపించలేదు. "ముఖం చూస్తే మర్చిపోలేవమ్మా, వద్దు" అని అందరిదీ ఒకటే మాట. ఆడపిల్లని ఆయా చెప్పింది. నేను తేరుకునేలోపే మావయ్యగారు పట్టుకెళ్ళిపోయారు. ఎక్కడికండీ అంటే, "గోదాట్లో కలిపేశామమ్మా, ఇంక అడక్కు" అన్నారు.

పుట్టకముందే పోయిన బిడ్డకి మా వాళ్ళలో పేరుండదు. మూడో రోజు, పదో రోజు అంటూ ఏదీ చెయ్యరు. తల్లి ఏడవకూడదు, ఏడిస్తే తర్వాత పుట్టేవాళ్ళకి మంచిది కాదట. నేను మాత్రం కడుపులో ఉండగానే పేరు అనుకున్నాను. ఆ పేరు ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చాక నాకు పాలు పడ్డాయి. తాగే నోరు లేదని పాలకేం తెలుసు? గుండెలు రాళ్ళయిపోయి జ్వరం వచ్చింది. మా అత్తగారు మల్లెపూలు పరిచి గుడ్డతో బిగించి కట్టారు, అలా కడితే పాలు ఎండిపోతాయని. మల్లెపూలు, పులిసిన పాలు కలిసిన ఆ వాసన నాకిప్పటికీ పడదు. పెళ్ళిళ్ళలో పూలిస్తే కూడా పెట్టుకోను. ఆ స్థితిలో చూడ్డానికొచ్చిన మా ఆయన పిన్నిగారు ఒకావిడ, "పోనీలే అమ్మాయ్, ముఖం చూళ్ళేదు కాబట్టి మమకారం ఉండదు" అంది. చేతిలో ఉన్న ఇత్తడి చెంబు విసిరాను. ఆవిడ కనుబొమ్మ చిట్లింది. అయ్యో అని కూడా అనలేదు నేను.

ఇంతలో మా గేదె దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే గేదె పాలు చేపదు. అందుకని మా పాలేరు సూరిబాబు ఆ దూడ తోలు ఒలిచి, ఎండుగడ్డి కూరి, కర్రకాళ్ళు పెట్టి గేదె ముందు నిలబెట్టాడు. గేదె దాన్ని నాకుతూ పాలిచ్చేది. పల్లెటూళ్ళలో ఇది మామూలే. నా గది కిటికీలోంచి పాక కనిపిస్తుంది. రోజూ చూసేదాన్ని. గేదెకైనా దాని బిడ్డని చూపించారు కదా అని కడుపు రగిలిపోయేది. ఒకరోజు అద్దం ఎత్తి గోడకి కొట్టాను.

పురిటి రోజు నుంచి పదకొండో రోజు. మధ్యాహ్నం మూడు దాటింది. పాకలో పెళపెళమని చప్పుడు. గేదె గడ్డిదూడని కొమ్ములతో చీల్చి, తొక్కి, పలుపు తెంపుకుని వచ్చేస్తోంది. పెరట్లో మనుషులందరినీ దాటుకుని, సరిగ్గా నా కిటికీ కిందకి వచ్చి గోడని పొడిచింది. ఇల్లంతా అదిరింది. అటకమీద గిన్నెలు కిందపడ్డాయి. అడ్డం వెళ్ళిన సూరిబాబుని ఎత్తి కుదేసింది, వాడికి రెండు ప్రక్కటెముకలు విరిగాయి. నలుగురు కర్రలతో బాదితే, నోట్లోంచి రక్తం కారుతూ నిలబడింది కానీ కదల్లేదు. దాని పొదుగు నుంచి పాలు వాటంతటవే ధారగా కారుతున్నాయి. గొలుసు వేసి లాక్కెళ్ళారు.

మర్నాడు అదే టైముకి గుంజతో సహా పీక్కుని వచ్చింది. అదే చోటు. ఈసారి ఒక కొమ్ము విరిగింది. గోడ మీద రక్తం నా కిటికీ ఎత్తుకి చిమ్మింది. కొడుతున్నవాళ్ళలో మా ఆయన కూడా ఉన్నాడు. "కొట్టకండి దాన్ని!" అని నేను లోపల్నించి అరుస్తున్నాను. ఎందుకరుస్తున్నానో నాకే తెలియదు.

మూడో రోజు మావయ్యగారు దాన్ని కబేళాకి ఇచ్చేస్తానని లారీకి కబురు పెట్టారు. లారీ వచ్చేలోపే మూడయింది. ఈసారి గోడని పొడవలేదు. గోడ మొదట్లో, చేమమొక్కల మధ్య, గిట్టలతో, విరిగిన కొమ్ముతో నేలని తవ్వడం మొదలుపెట్టింది. మన్ను మనుషుల మీదకి ఎగిరిపడుతోంది. ఎవరూ దగ్గరికి పోలేకపోయారు. కాసేపటికి గుంటలో ఆకుపచ్చ గుడ్డ కొస కనిపించింది. గేదె వెంటనే ఆగిపోయింది. పక్కకి జరిగి, రొప్పుతూ నిలబడింది.

అది నా పాత వాయిల్ చీర. మా అత్తగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్ళిన సంచిలో ఆ చీర ముక్క ఉండేది, మావయ్యగారి చేతికి ఇచ్చింది ఆవిడే.

నేను కట్టు గుడ్డతోనే పెరట్లోకి పరిగెత్తాను. మా ఆయన పట్టుకోబోతే మోచేత్తో మూతి మీద పొడిచాను. అక్కడ పడున్న పలుగు ఎత్తి మావయ్యగారి ఎదురుగా నిలబడ్డాను. అంత పెద్దాయన మీదికి పలుగెత్తినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. అప్పుడైతే దింపేదాన్నే.

"గోదాట్లో కలిపేశానన్నారు కదండీ. ఇదేంటి?"

ఆయన నేలమీద కూలబడిపోయారు. "గోదాట్లో వెయ్యలేదమ్మా, చేతులు రాలేదు. కానీ ఇక్కడ పెట్టలేదు. నీ మీదొట్టు. మన తోటలో, కాలవ గట్టున పెట్టాను. సూరిబాబుని అడుగు."

సూరిబాబు ఛాతీకి కట్టుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "నిజమేనండి అమ్మగారూ. గొయ్యి తీసింది నేనేనండి" అని ఏడ్చేశాడు.

నేను గుంటలో దిగి చేతులతోనే తవ్వాను. మూట బయటికి వచ్చింది. అరటినారతో కట్టి ఉంది. గెలలు కట్టేటప్పుడు మావయ్యగారు ఒక రకం ముడి వేస్తారు, మా ఊళ్ళో ఇంకెవరికీ రాదు. మూట మీద అదే ముడి, చెక్కుచెదరలేదు.

విప్పాను. ఏం చూశానో రాయను. రాయడానికి కాదు కదా చూసింది. అది నా కూతురు, నేను చూశాను, అంతే. పెద్దగా ఏడ్చాను. పద్నాలుగు రోజుల ఏడుపు. ఈసారి ఎవరూ ఏడవొద్దనలేదు.

ఆ సాయంత్రం ఇంకా వెలుగు ఉండగానే మా ఆయన, మావయ్యగారు, ఇంకో ఇద్దరు కాలవ గట్టుకి వెళ్ళారు. మావయ్యగారు గుర్తుకి పెట్టిన రాయి అక్కడే ఉంది. రాయి చుట్టూ గడ్డి మొలిచింది, మట్టి గట్టిగా ఉంది, ఎవరూ కెలికిన జాడ లేదు. తవ్వారు. చిన్నపిల్లల్ని పూడ్చేటప్పుడు ఉప్పు వేస్తారు. ఆ ఉప్పు ఉంది, తడిసి గడ్డకట్టి, గొయ్యి అడుగునంతా పరిచి ఉంది. మధ్యలో మూట పట్టేంత మేర మాత్రం ఉప్పు లేదు. మూట కూడా లేదు. నా కిటికీ కింద గుంటలో వెతికితే ఒక్క ఉప్పు కల్లు దొరకలేదు.

నేను ఊరుకునే దాన్నా? అందర్నీ నిలదీశాను. నామీద జాలిపడి అత్తగారు తెచ్చి పెట్టారేమో అంటే, ఆవిడ మూడు రోజులు ఆసుపత్రిలో నా మంచం పక్కనే ఉన్నారు, తర్వాత నా గదిలోనే పడుకున్నారు. కుక్క లాక్కొచ్చిందంటే, ముడి విప్పకుండా, రాయి కదపకుండా ఎలా తెస్తుంది? గేదె వాసన పట్టిందంటారా, పట్టి ఉండొచ్చు. మరి వాసన అక్కడికి ఎలా వచ్చింది?

మర్నాడు పొద్దున్నే మా కాలవ గట్టున, అదే రాయి దగ్గర, మళ్ళీ పెట్టాం. నా చేతుల్తో నేనే పెట్టాను. ఆడవాళ్ళు రాకూడదని ఎవరో గొణిగితే మా అత్తగారు, "నోర్మూసుకో. అది రాకపోతే ఇంకెవరొస్తారు?" అన్నారు. ఆ మాటకి ఆవిడకి నేను జన్మంతా రుణపడి ఉంటాను. పైన పోయడానికి పాలు కావాలి. గడ్డిదూడ లేదు కాబట్టి గేదె ఇవ్వదనుకున్నాం. మా ఆయన చెంబు పట్టుకుని దగ్గర కూర్చోగానే ఇచ్చేసింది. నిండా.

పేరు చెప్పాను, అందరి ముందూ, గట్టిగా. మాధవి.

పాలు పోసి లేస్తుంటే మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. "చెంబులో ఇంకా ఉన్నాయి కదే?" అన్నారు. ఉన్నాయండి అన్నాను. "మీ ఆయనకంటే ముందు నాకిద్దరు పోయారు. ఎక్కడ పెట్టారో నాకు చెప్పలేదు. నేనడగలేదు." చెంబు తీసుకుని, ఆ రాయి పక్కనే మట్టిలో రెండు చోట్ల పాలు పోశారు. "సూర్యం. చంద్రం" అన్నారు. ఆలోచించుకోవడానికి ఒక్క క్షణం కూడా ఆగలేదు ఆవిడ. ముప్ఫై ఏళ్ళ నుంచి నోట్లోనే పెట్టుకున్నట్టున్నారు.

లారీ వాణ్ణి వెనక్కి పంపేశాం. ఒంటికొమ్ము గేదె మా పాకలోనే ముసలిదై పోయింది. ఆ కిటికీ వైపు మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు. గోడకి సున్నం వేయించాం కానీ, గేదె కొమ్ము చేసిన పగులు మాత్రం పూడ్చనివ్వలేదు నేను.

మావయ్యగారు పోయే ముందు, నేను నోట్లో నీళ్ళు పోస్తుంటే, అడక్కుండానే అన్నారు. "కాలవ గట్టునే పెట్టానమ్మా." నమ్ముతున్నానండీ అన్నాను. నిజంగానే నమ్ముతున్నాను. అక్కడే పెట్టారు. మరి నా కూతురు అక్కణ్ణించి నా కిటికీ కిందకి ఎలా వచ్చిందో, ఇన్నేళ్ళుగా పోట్లాడుతున్నా, నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను.