ప్రభువు నా చేత వెనక్కి తీయించిన ఉత్తరం

1999వ సంవత్సరం జనవరి 18, సోమవారం, సాయంత్రం నాలుగు గంటలు. ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, పొంగల్ సెలవుల తరువాత బడి తెరిచిన ఆ రోజున, తొమ్మిదో తరగతి చదువుతున్న నా చెల్లెలు గ్రేస్ చెప్పులు కూడా లేకుండా చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లోని మా ఇంటికి పరుగెత్తుకొని వచ్చి తలుపు గడియ వేసుకుంది. తన తరగతిలోని ముగ్గురు మగపిల్లలు రెండు నెలలుగా మెట్ల దగ్గర దారి కాచి అసహ్యమైన మాటలు అంటున్నారని, ఆనాడు పైన వేసుకున్న దావణీ పట్టి లాగారని, టీచరమ్మ చూసి కూడా ముఖం తిప్పుకొని పోయిందని ఎప్పటికో చెప్పింది.

మరునాడు హెడ్మాస్టరుగారి ఎదుట నిలబడ్డాను. ఆయన కోపం ఆ పిల్లల మీద కాదు, మా మీద!

"మగపిల్లలన్నాక వేళాకోళాలాడతారు తంబీ. పెద్దది చేస్తే చెడేది నీ చెల్లెలి పేరే. కుటుంబ కారణాలని రాసిచ్చి గురువారం టీసీ తీసుకుపో" అన్నారు.

మా నాయన గోడౌనులో మూటలు మోసి నన్ను బి.ఏ. చదివించాడు, మా వంశంలో మొదటి పట్టభద్రుడను నేను. ఆ చదువుతో ఏమి చేశాను? హెడ్మాస్టరుగారి బల్లమీదే, ఒక్క తప్పు లేని ఇంగ్లీషులో, జరిగినదంతా దాచి ఆ అబద్ధాన్ని రాసి సంతకం చేశాను! "చక్కగా రాశావే" అని ఆయన మెచ్చుకుంటే సిగ్గుమాలిన నా మనసు సంతోషించింది కూడా!

ఇంటికి వస్తే గ్రేస్ అడిగింది: "అన్నా, నేనేం తప్పు చేసినానని నన్ను ఆడనుంచి తీసేస్తా ఉండావు? వాళ్లు మాత్రం ఆడనే చదువుకుంటారు గదా?"

బుధవారం ఉపవాస ప్రార్థనలో మోకరించి ఏడ్చాను: "ప్రభువా, నేను పరువు అనుకున్నది భయమే. నీ బిడ్డకు విరోధంగా నా కలం వాడాను. నన్ను క్షమించి నా నోరు తెరువుము." అప్పుడే జ్ఞాపకం వచ్చింది! గత సంవత్సరం మన తమిళనాడులో, ఆడపిల్లలను వేధించేవారి మీద వచ్చిన చట్టం నకలును, నేను పనిచేసే వకీలుగారి ఆఫీసులో నేనే టైపు చేశాను. ఇలాంటి ఫిర్యాదు అందితే పోలీసులకు తెలియజేయవలసిన బాధ్యత హెడ్మాస్టరుదేనని అందులో ఉంది. అది మా ఇంటి కోసమని ఏనాడూ తలచలేదు!

గురువారం ఆ మొదటి ఉత్తరాన్ని రద్దు చేయమంటూ, జరిగినదంతా, ఆ చట్టం మాటా రాసిన రెండో ఉత్తరం ఇచ్చాను.

"మూటలు మోసేవాడి కొడుకువి, నాకు చట్టం చెప్పవచ్చావా?" అన్నారు హెడ్మాస్టరుగారు.

అప్పుడు ప్రభువు నా నోరు తెరిచాడు. "అయ్యా, నకలు మీద అందినట్టు సంతకం చేయండి. లేదంటే తిన్నగా స్టేషనుకే వెళ్తాను" అన్నాను. ఆయన కలం తీసి సంతకం చేశారు. దేవునికే మహిమ!

ఉదయం గంట మొదలు సాయంత్రం గంట వరకు మన బిడ్డలను తన చేతికి తీసుకున్న బడి, పిల్లల ఆటలంటూ చేతులు దులుపుకుంటుందా? అడగవలసిన మనమే బిడ్డను దాచిపెడతామా? ప్రియులారా, మీ ఇంట ఏ బిడ్డ అయినా మౌనంగా ఉంటే మన ప్రభువును నమ్మి ఆమె పక్షాన మాట్లాడండి, ఆయన మీ చేయి విడువడు.

హెడ్మాస్టరుగారు ఆ వారమే పోలీసులకు తెలియజేశారు. ముగ్గురినీ సస్పెండు చేశారు. మెట్ల దగ్గర రోజూ ఒక టీచరు నిలబడుతున్నారు. గ్రేస్ ఇప్పుడు అదే బడిలో పదో తరగతి చదువుతోంది.