వంతెన ఊగుతుందని రాసింది నేనే

మా ఊరి పాత వంతెన గురించి ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఒక వ్యాసం ఉంది. వ్యాసమంటే నాలుగే వాక్యాలు. జగదల్‌పూర్‌లో ఉంది, ఇంద్రావతి మీద ఉంది, పాతది, దీని మీద జనం తిరుగుతారు. అంతే. రోజూ నా స్కూటర్‌తో పాటు ప్రపంచంలోని సగం లారీలను మోసే వంతెనకు ఇంత పిసినారి పరిచయమా అని నాకు కడుపు మండింది. మధ్యాహ్నం పూట నా కిరాణా కొట్లో బేరాలుండవు, ఈగలు కూడా భోజనానికి పోతాయి. ఆ ఖాళీలో ఒంటి వేలితో, హిందీలో, ఆ వ్యాసాన్ని బాగు చేయడానికి కూర్చున్నాను. ఎవరైనా రాయవచ్చని వాళ్లే పైన రాసి పెట్టారు. నన్ను చూడకుండా ఇచ్చిన మాట అది.

మా బజారులో ఏ మాటనైనా సగం కొట్టేసి వినడం ఆనవాయితీ. కోంటా నుంచి వచ్చిన చింతపండు తేనెలా ఉందని నేనంటే, కొనేవాడు పులుపు ఓ మోస్తరు అని అర్థం చేసుకుంటాడు. ఇద్దరం సుఖంగా ఉంటాం. ఉన్నది ఉన్నట్టు చెబితే సరుకులో ఏదో తేడా ఉందని అనుమానిస్తారు. ఆ అలవాటుతోనే రాశాను: ‘బరువు లారీ పోతే ఈ వంతెన ఉయ్యాలలా ఊగుతుంది.’ సగం కొట్టేసి, మిగిలినదాంట్లో మళ్లీ సగం కొట్టేస్తే ఏ వంతెనకైనా ఉండే చిన్న అదురు మిగులుతుంది. అక్కడ చదివేవాళ్లకు కొట్టేయడం రాదని నాకు తట్టలేదు.

రెండు వారాలకు ఒక స్థానిక హిందీ పత్రికలో నా వాక్యం వచ్చింది. పైసా తరుగు లేకుండా, పెద్దక్షరాల్లో. ఊరేగింపు తీయడమొక్కటే తక్కువగా ఇంటికి పట్టుకెళ్లాను. మా ఆవిడ చదివి, “ఏంది సంబరం? ఊళ్లో వాళ్లను భయపెట్టినందుకా?” అంది. పప్పు తాలింపు చప్పుడులో నాకది సరిగా తలకెక్కలేదు.

నాలుగో రోజున మున్సిపల్ ఆఫీసు వాళ్లు వంతెన మొదట్లో ఒక నైలాన్ తాడు కట్టి, దానికి కాగితం వేలాడదీశారు. వంతెన ప్రమాదంలో ఉంది కనుక ఇక్కడ కూర్చుని అమ్మడం నిషేధం. లారీలు మాత్రం ఎప్పటిలాగే పోతున్నాయి. వాటికి తాడు చాలదు కదా.

ఆ తాడు అవతల కూర్చునేది మా అక్క. రక్తసంబంధం లేదు, ఇరవై ఏళ్ల పరిచయముంది. భేజ్జి దగ్గరి నుంచి వచ్చిన దోర్ల తెగ మనిషి. విస్తరాకులు, దొప్పలు, పందుంపుల్లలు అమ్ముతుంది. బస్సు దిగినవాళ్లంతా ఆ మూల మీదుగానే నడుస్తారు, ఆమె బతుకంతా ఆ మూలే. నేను పోయేసరికి కాగితం ముందు నిలబడి ఉంది.

“సావుకారీ, ఏం రాసిన్రు గీండ్ల?”

చదివి చెప్పాను.

“ఊగుతదంట? ఎవడు చూసిండు?”

“నేనే రాశానక్కా.”

“నువ్వా? ఎందుకు?”

“బాగుంటుందని.”

“మరి బాగుందా?” అని బుట్ట ఎత్తుకుని అవతలి ఒడ్డుకు పోయింది. అక్కడ బస్సు ఆగదు. ఆమె ఆకులు కొనడానికి గాలి ఒక్కటే వచ్చేది.

ఆ మధ్యాహ్నమే నా వాక్యాన్ని తీసేశాను. పది నిమిషాల్లో ఆ సర్వస్వం సంపాదకుల్లో ముక్కూ మొహం తెలియని ఒకడు దాన్ని తిరిగి పెట్టాడు. ‘ఆధారమున్న వాక్యాలను తొలగించవద్దు.’ ఆధారం ఏంటయ్యా అంటే ఆ పత్రిక. పత్రిక నన్ను చూసే రాసిందని చర్చా పేజీలో మొత్తుకున్నాను. ‘అందుకు ఆధారం చూపగలరా?’ అన్నాడు. నా అబద్ధానికి వెంటనే దొరికిన సాక్షి నా నిజానికి దొరకలేదు.

పత్రిక విలేకరిని టీ బండి దగ్గర పట్టుకున్నాను.

“భయ్యా, అది మీ వాక్యమా! భలే రాశారు.”

“అది తప్పని వేయండి బాబూ.”

“ఊగడం లేదని వేస్తే, మరి ఎప్పుడు బాగు చేశారని అడుగుతారు. ఏం చెప్పాలి?” అని నా టీ కూడా తానే తాగేశాడు.

నెల రోజులు పట్టింది. ఆ నెలలో నా జుట్టు మూడొంతులు రాలింది, మిగతాది తెల్లబడింది. చివరికి ఆ కనబడని సంపాదకుడే పాత మార్పుల తేదీలు వెతికి, నా వాక్యం వార్త కంటే ముందు పుట్టిందని తేల్చి, దాన్ని కొట్టేశాడు. ‘మీ ఓపికకు ధన్యవాదాలు’ అన్నాడు. ఓపిక ఎక్కడిది, ఒళ్లంతా పిండేసిన బట్టలా ఉంది. అయినా తాడు కదల్లేదు. మున్సిపల్ ఆఫీసు ఫైల్లో ఉన్నది పత్రిక ముక్క. దానికి కంప్యూటర్‌లో ఏం జరిగిందో తెలియదు.

అక్కడి గుమాస్తా బాబు సౌమ్యుడు. రాసినవాడే తప్పని రాసిస్తే ఫైల్లో పెడతానన్నాడు. అక్కడే కూర్చుని రాశాను: ‘బస్తర్ మొత్తంలో నా అంత అబద్ధాలకోరు లేడు.’

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. “పోటీ ఎప్పుడు జరిగింది సాబ్? ఉన్న సంగతి రాయండి.”

మళ్లీ రాశాను: ‘ఈ వంతెన ఇంకో వెయ్యేళ్లు ఉంటుంది.’

“మీరు ఇంజినీరా?”

“కిరాణా కొట్టు.”

“మరి వెయ్యేళ్ల సంగతి ఇంజినీర్లకు వదిలేయండి.”

మూడోసారి రాయడానికి గంట పట్టింది. ‘వంతెన ఊగడం నేను చూడలేదు. చూసినట్టు రాశాను. అది తప్పు.’ ఇంత చిన్న మాటలు నా జన్మలో రాయలేదు. ఏదో ఒక ఉపమానం తగిలించాలని చెయ్యి దురద పెట్టింది. ఆయన చదివి, నకలు మీద ముద్ర వేసి, పావతిగా నా చేతిలో పెట్టాడు. “తీసేస్తారా?” అంటే “చూస్తాం” అన్నాడు.

ఆ రసీదు పట్టుకుని అవతలి ఒడ్డుకు పోదామని వంతెన దగ్గరికి వచ్చాను. అక్క తన పాత మూలలోనే కూర్చుని ఉంది. ఎదురుగా ఆకుల కట్టలు. కట్టలకు బిగించి ఉన్నది ఆ నైలాన్ తాడే.

“ఎవరిప్పమన్నారక్కా?”

“పొద్దుగాల నేనే ఇప్పిన. కట్టలకు తాడు తక్కువైంది.”

“ఎవరూ అడగలేదా?”

“ఇద్దరు పోలీసు జమాన్లు ఇట్లనే పోయిన్రు. ఒకడు పందుంపుల్లలు కొన్కపోయిండు.”

అక్కడే కూలబడ్డాను. పావతి ఆమె చేతికిచ్చాను. రేపు ఎవరైనా లేవమంటే ఇది చూపించు, ఊగుతుందని రాసినవాడే అది తప్పని ఒప్పుకున్నట్టు ఇందులో ఉంది అన్నాను. ఆమె చదవలేదు, ముద్రను మాత్రం బొటనవేలితో తడిమి చూసింది. నాలుగు మడతలు పెట్టి నడుము సంచిలో దోపుకుంది.

“కూసుంటే కూసున్నవ్ గని, జర అటు జరుగు సావుకారీ. బస్సొచ్చింది, నా ఆకులు కనబడాలె.”

జరిగాను.