చప్పుడు లేని ల్యాప్‌టాప్

మూడేళ్ల క్రితం, వేసవిలో, ఆళ్లగడ్డ నుంచి మా అక్క కూతురు రూతు తన పాత ల్యాప్‌టాప్ నంద్యాలలో నా దగ్గరకు తెచ్చింది. విండోస్ తీసేసి, పాత కంప్యూటర్లకు తేలికని లినక్స్ ఎక్కించాను. ఈ మోడల్‌లో లోపలి వేడిని తగ్గించే ఫ్యాన్ తిరగడానికి డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ విడిగా వేయాలని ఒకచోట చదివి కూడా, ఏమవుతుందిలే అని వేయలేదు.

"మామా, ముందు గుర్రుమంటాండె. ఇప్పుడు సప్పుడే లేదు" అంది రూతు.

"అదే దీని గొప్ప" అన్నాను.

తరువాతి ఆదివారం చర్చి అయ్యాక అక్కవాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాం. పక్క బల్ల మీద రూతు ఆన్‌లైన్ పాఠం వింటోంది. చేయి పెడితే కాలుతోందంది. ఎండలు కదా అన్నాను. కాసేపటికి ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చింది. కీబోర్డు మధ్యలో ఉబ్బి మెల్లగా పైకి లేస్తోంది. బావ దాన్ని గోనెసంచితో పట్టి వాకిట్లోకి విసిరాడు. అది బుస్సుమంటూ పొగ కక్కింది.

"రోజూ మంచం మీద దుప్పట్లో పెట్టుకోని సూస్తాంటే కాలకేమైతాది? ఇంగ నీకు కంప్యూటరూ వద్దు, కోర్సూ వద్దు" అన్నాడు బావ.

రూతు నా వైపు తిరిగింది. "నువ్వన్నా సెప్పు మామా, ఎందుకట్లయిందో."

నేను తల ఎత్తకుండా అన్నం కలుపుకున్నాను.

రూతు ఇప్పుడు బట్టల కొట్లో పనిచేస్తోంది. నేను వెళితే మంచినీళ్లు ఇస్తుంది కానీ, మామా అని పిలవదు.

ఈ పత్రికను మా బావ వారం వారం వదలకుండా చదువుతాడు. బావా, ఆ రోజు తప్పు నాది.