మా ప్రెసిడెంట్ గారు, ఆ ఏటి దాళ్వా నీళ్ళు

నిన్న పొద్దున బెంజ్ సర్కిల్ దగ్గర ఆటోలో ఉన్నాను. ఫోన్ మోగింది. మరియదాసు గారి అమ్మాయి.

"బాబాయ్, నాన్న పోయారు."

తర్వాత ఏం చెప్పిందో వినపడలేదు. ఆటో అతను "ఏమైందండీ?" అని అడిగితే ఆటో పక్కకి ఆపమన్నాను.

తొంభై దాటిన మనిషి. ఎప్పుడో ఒకప్పుడు ఈ ఫోన్ వస్తుందని తెలుసు. అయినా షాకే. ఆయనకి నేను చెప్పాల్సింది ఒకటి మిగిలిపోయింది మరి.

ఈ తరం వాళ్ళకి ఆయన తెలియకపోవచ్చు. డెబ్బైల్లో మా వైపు పంచాయతీ సమితి ప్రెసిడెంట్. తర్వాత ఒకే ఒక్క టర్మ్ ఎమ్మెల్యే. ఎమ్మెల్యే అయ్యాక కూడా అందరం ప్రెసిడెంట్ గారనే పిలిచేవాళ్ళం. ఆయనకీ అదే ఇష్టం. నేను ఆయన దగ్గర ఉత్తరాలు రాసేవాణ్ణి, ప్రోగ్రాంలు చూసేవాణ్ణి. ఇప్పటి మాటల్లో పీఏ.

సమితి రోజుల్లో ఏ స్కూలుకి వెళ్ళినా హెడ్మాస్టారు వేసిన కుర్చీలో కూర్చునేవారు కాదు. పిల్లల వెనక, ఆఖరి వరసలో నేలమీద చతికిలబడేవారు. అక్కణ్ణించి అక్షరాలు కనపడలేదో, "ముందు ఆ బోర్డుకి నల్లరంగు వేయించండి మాష్టారూ, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం" అనేవారు. ఓసారి పంచె నిండా సుద్దపొడి అంటించుకుని, అలాగే కలెక్టర్ గారి మీటింగ్‌కి వచ్చేశారు. నవ్వాపుకోలేక చచ్చాను.

అసెంబ్లీకి మొదటిసారి వెళ్ళొచ్చాక, ఎలా ఉందండీ అని అడిగాను.

"నాది ఆఖరి వరస, శివారు సీటు ప్రసాదూ. అక్కడిదాకా ఏదీ రాదు."

శివారంటే మా డెల్టాలో కాలవ చిట్టచివర. నీళ్ళు అన్ని ఊళ్ళూ దాటుకుని ఆఖరున చేరేది అక్కడికే. ఆయన్ని గెలిపించింది ఆ శివారు ఊళ్ళే.

ఓ ఏడాది రెండో పంటకి, అదే దాళ్వాకి, నీళ్ళు తక్కువొచ్చాయి. ఆయన ఎగువ రైతుల్నీ శివారు రైతుల్నీ కూర్చోబెట్టి వంతులు పెట్టించారు. నాలుగు రోజులు ఎగువకి, నాలుగు రోజులు శివారుకి. శివారు వంతు నడిచినన్నాళ్ళూ ఎగువ తూముల షట్టర్లు దించి ఉంచాలి. ఆయన జీపేసుకుని చెప్పాపెట్టకుండా చెకింగ్‌కి వెళ్ళేవారు.

చెప్పాపెట్టకుండా అని ఆయన అనుకునేవారు.

మాది ఎగువ ఊరు. మా నాన్నకి అక్కడ ఎనిమిదెకరాలు. జీపు కాలవగట్టు మీదికి ఏ రోజు వస్తుందో, ఏ రోజు రాదో నా ప్రోగ్రాం బుక్‌లో ఉండేది. ఇంటికెళ్ళి నాన్నకి నేనే చెప్పేవాణ్ణి. జీపు రాని రోజు మా ఊరి షట్టర్లు పట్టపగలే లేచేవి.

"ఒక్క తడికేరా, కొంపలేం మునగవు" అనేవాడు నాన్న. నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకుంటే హాయిగా ఉండేది.

శివారులో చేలు పొట్టదశలో ఎండిపోయాయి.

ఆయన అక్కడికి వెళ్ళారు. పక్కన ఫైలు పట్టుకుని నేను. ఓ ముసలాయన ఎండిన దుబ్బు పీకి ఆయన కాళ్ళ ముందు పడేశాడు.

"ఎగువోళ్ళకి అమ్ముడుబోయావయ్యా ప్రెసిడెంటూ! నీకు ఓటేసినందుకు మాకిదా?"

ఆయన వంగి ఆ దుబ్బు చేతిలోకి తీసుకున్నారు.

"వంతులు పెట్టింది నేను. కాపలా కాయలేకపోయిందీ నేనే. తప్పు నాదేనండీ."

నేను ఫైలు పట్టుకుని నిలబడ్డాను.

తిరుగుదారిలో జీపులో రోడ్డు వైపే చూస్తూ అడిగారు.

"మీ నాన్నగారి చేను ఎలా ఉంది ప్రసాదూ?"

"బాగుందండీ."

"పోన్లే."

అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నన్ను పన్లోంచి తీసెయ్యనూ లేదు. కాకపోతే ఆ రోజు నించి జీపు ఎటు వెళ్ళాలో ఎక్కాకే డ్రైవర్‌కి చెప్పేవారు.

తర్వాతి ఎలక్షన్లో శివారు పెట్టెలు తెరిచినప్పుడు కౌంటింగ్ ఏజెంటుని నేనే. ఓట్ల కట్టలన్నీ ఎదుటివాళ్ళ బల్ల మీదికే పోయాయి. ఓడిపోయారు. మళ్ళీ టికెట్ ఎవరూ ఇవ్వలేదు.

ఏటా క్రిస్మస్‌కి కొండపల్లిలో వాళ్ళమ్మాయి ఇంటికి వెళ్ళి ఆయన్ని చూసొచ్చేవాణ్ణి. ఈసారి చెప్పేద్దాం అనుకునే బస్సెక్కేవాణ్ణి. ఆయన నా మోకాళ్ళ నొప్పుల గురించి అడిగేవారు, కేకు పెట్టించేవారు. తినేసి వచ్చేసేవాణ్ణి. పిరికితనం, ఇంకేం కాదు.

నిన్న సాయంత్రం చర్చిలో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. "వీరు ఆయనకి కుడిభుజం అండీ" అని ఫాదర్ గారికి పరిచయం చేశారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. శివారు ఊళ్ళ నించి ఒక్కరంటే ఒక్కరు రాలేదు. వాళ్ళ లెక్కలో ఆయన ఇప్పటికీ నీళ్ళమ్ముకున్న మనిషే.

మా నాన్న పోయి చాలా ఏళ్ళైంది. ఇంక నేను దాచేది ఎవరి కోసం?

శివారు వాళ్ళెవరైనా ఈ పోస్ట్ చూస్తే, మీ ఇంట్లో పెద్దవాళ్ళకి చదివి వినిపించండి. ఆయన అమ్ముడుపోలేదు. మీ నీళ్ళు మా చేలోకి పోయాయి. జీపు రాని రోజు చెప్పింది నేను. ఆయనకి తెలిసి కూడా నా పేరు బయటపెట్టలేదు.

ప్లీజ్, షేర్ చెయ్యండి. నన్ను ఎంతైనా తిట్టండి, పడతాను.

వెళ్ళిరండి ప్రెసిడెంట్ గారూ. ప్రభువు మీకు నెమ్మదినివ్వాలి. నాకోసం అడిగే మొహం నాకు లేదు.