దిగువింటి గురుబారి

కొన్నేళ్లుగా ఈ మాట నాలోనే ఉంది. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు అంటారే, అలా కూడా లేదు. అలా ఉంటే కనీసం బాధ తెలిసేది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

ఒక సంస్థలోని రకరకాల సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో గీసివ్వడం నా పని. మన్యంలో ముంచింగిపుట్టు వైపు ఒక కాఫీ రైతుల సంఘానికి గీశాను. కాఫీ కొనుగోలు, సరసమైన ధరకి బియ్యం, మందులు, దేనికదే ఒక విడి సాఫ్ట్‌వేర్, మా భాషలో సర్వీసు. మనిషెవరో తేల్చే సర్వీసు మాత్రం ఒక్కటే, మిగతావన్నీ దాన్నే అడగాలి. పేరు, భర్త పేరు, ఊరు కలిస్తే ఒకే మనిషి. ఆ బొమ్మ చూసుకుని ఎంత మురిసిపోయానో!

అక్కడ పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. ఆడపిల్ల గురువారం పుడితే గురుబారి, మగపిల్లాడు సోమవారం పుడితే సోమ్రా. ఒక్క ఊళ్లోనే సోమ్రా భార్య గురుబారి అంటే ఇద్దరుండొచ్చు. సంఘం వాళ్లు ముందే చెప్పారు. తర్వాత చూద్దామన్నాను.

ఒక గురుబారి చనిపోయింది, ఆ సంగతి రికార్డుకెక్కింది. రెండో ఆమె కాఫీ గింజల మూట నెత్తిన పెట్టుకుని సంత రోజు వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఎలా నడుస్తోందో చూడ్డానికి వెళ్లి, ఆ రోజు కొనుగోలు కేంద్రంలో నేనే ఉన్నాను.

"ఏటి బాబూ, నాను సచ్చిపోనానంటంది మిషిను? పోయింది ఎగువింటి గురుబారి. నాను దిగువింటిదాన్ని గదా!"

నాకు వెంటనే అర్థమైంది.

"సర్వర్ పనిచెయ్యట్లేదమ్మా. వచ్చే సంతకి రా."

"అలాగే బాబూ."

ఎందుకలా అన్నాను? ఇద్దరి రికార్డుల్నీ చేత్తో విడదీయొచ్చు. కానీ ఎందుకు విడదీశానో పైవాళ్లకి చెప్పాలి, చెబితే డిజైనే తప్పని తేలుతుంది, ఆ డిజైనుకే అప్పటికి శాలువా కప్పించుకుని ఉన్నాను. భయమా? భయం కూడా కాదు. బద్ధకం లాంటి సిగ్గు.

తర్వాతి సంతకీ వచ్చింది, ఆ పై సంతకీ వచ్చింది. బియ్యమూ ఇవ్వలేదు, మందులూ ఇవ్వలేదు. అన్నీ మనిషెవరో తేల్చే ఆ ఒక్క సర్వీసునే అడుగుతాయి కదా. ఆ తర్వాత రాలేదు. జ్వరమొచ్చి పోయిందని సంఘం వాళ్లు ఫోన్ చేశారు. మందులు అందుంటే బతికేదా? నేను అడగలేదు.

ఆమె పేరు మీద సంఘం వాళ్లు పెట్టిన ఫిర్యాదు నా కంప్యూటర్లో ఇంకా తెరిచే ఉంది. రికార్డులో ఆమె ముందే చనిపోయింది కాబట్టి ఇక మార్చాల్సిందేమీ లేదు. పరిష్కారమైందని నొక్కి, భోజనానికి వెళ్లాను. అన్నం సయించింది కూడా.

క్షమించమనడం లేదు. క్షమించాల్సిన మనిషి లేదు. ఒక్కటి మాత్రం ఎవరికైనా చెప్పాలనిపించింది. ఆ రోజు సర్వర్ బాగానే ఉంది.