చూడకుండా చెప్పిన సిమెంటు

అది 1977. చమురు పొంగుతున్న రోజులు. దోహాలో ఎటు చూసినా క్రేన్లే. అల్ ముంతజాలో కడుతున్న ఒక పెద్ద భవనానికి నేను ప్లాస్టరింగ్ ఫోర్‌మన్‌ని. నా కింద ముప్పై మంది మేస్త్రీలు. అప్పట్లో నాకు సిమెంటే దేవుడు.

మా అక్క భర్త రాజయ్య బావ ఉమ్ సలాల్ అవతల, ఎడారిలో, పేరున్న ఒక ఆర్కిటెక్టు ఇంటికి కాపలాదారు. మా భవనానికి డ్రాయింగులు కూడా ఆయనవే. శుక్రవారాలు వచ్చే అతిథులకు ఇల్లు తిప్పి చూపించడం బావ డ్యూటీ. ఒక శుక్రవారం బావను చూసి వద్దామని వెళ్తే నన్నూ అతిథిలాగే తిప్పాడు.

"చెప్పులిడువు. ఇది నీ లేబర్ క్యాంపు కాదు" అన్నాడు గుమ్మంలోనే.

అంత పెద్దాయన తన ఇంటిని రాయీ మట్టితో కట్టుకున్నాడని అక్కడికి వెళ్ళేదాకా నాకు తెలియదు. లోపల అడుగు పెట్టగానే ప్రాణం లేచొచ్చింది. బయట నిప్పులు కురుస్తున్నాయి, లోపల ఏసీ లేదు, ఫ్యాను లేదు. మూరన్నర మందం గోడలు. పిట్టగోడల్లో వదిలిన సన్నటి సందుల్లోంచి గాలి కిందికి దిగుతోంది. నడిమి వాకిట్లో ఒక రేగుచెట్టు.

"ఎట్లుంది?" అని బావ మీసం మెలేశాడు, తనే కట్టినట్టు. నిజం చెప్పాలంటే నాకు కుళ్ళు పుట్టింది.

వెనక గదికి వెళ్ళాక బావ గొంతు తగ్గింది. గోడ అడుగున మోకాలెత్తు వరకు సిమెంటు పూత ఉంది. దాని పైన మట్టిపూత ఉబ్బి, తెల్లటి ఉప్పు రాలుతోంది. దీన్ని మేం ఎఫ్లోరెసెన్స్ అంటాం. అంటే, గోడలోని తడి ఉప్పును బయటికి మోసుకొచ్చి, ఆరిపోతూ దాన్ని అక్కడే వదిలేయడం.

"నువ్వు చెప్పినట్టే ఏసిన బామ్మర్దీ, ఒకటికి నాలుగు. అడుగున రాలేది ఇప్పుడు నడుము దాక ఎక్కింది. జుమ్మా నమాజు అయినంక ముదీర్ వస్తడు. సూసిండంటే నన్ను ఇంటికి తోలుడే."

ముదీర్ అంటే యజమాని. నాకప్పుడు గుర్తొచ్చింది. మూడు నెలల కిందట "గోడకు పెచ్చులు లేస్తున్నయి, ఏం జెయ్యాలె?" అని బావ అడిగితే, బస్సు తొందరలో, అది ఏ గోడో కూడా అడక్కుండా ఒకటికి నాలుగు కొట్టమన్నాను. ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ళు ఇసుక. సిగ్గుతో చచ్చిపోయాను. మట్టిగోడకు తడి పీల్చి ఆరే గుణం ఉంటుంది. సిమెంటుతో మూస్తే ఆ తడి దారి లేక పైకెక్కుతుంది. జగిత్యాల పక్కన మట్టింట్లో పుట్టి, అమ్మ గోడలు అలుకుతుంటే నీళ్ళందించినవాణ్ణి, నాకిది తెలియదా!

"తప్పు నాదని చెప్త బావా."

"పిచ్చా నీకు? నీ కొలువు గూడ పోతది!"

ఆర్కిటెక్టు వచ్చాడు. నెరిసిన గడ్డం, దుమ్ము పట్టిన చెప్పులు. గోడ చూసి ఆగిపోయాడు. నాకొచ్చిన హిందీ, అరబీ కలిపి అంతా చెప్పేశాను.

"గోడను చూసి చెప్పావా?" అని హిందీలోనే అడిగాడు.

"లేదు సార్."

"చెయ్యి పెట్టి?"

"లేదు సార్."

ఆయన నా చెయ్యి పట్టుకొని తడి గోడకు ఆనించి, కాసేపు అలాగే ఉంచాడు. "యల్లా, ఇక కానీ. వచ్చే శుక్రవారం నుంచి వచ్చి నువ్వే బాగుచెయ్యి" అన్నాడు. బావ అక్కడే కూలబడి ఏడ్చేశాడు.

ఐదు శుక్రవారాలు పట్టింది. ఉలితో సిమెంటు చెక్కేసి, గోడను ఆరనిచ్చి, గడ్డి కలిపి నానబెట్టిన మట్టితో పూశాను. ఎన్నేళ్ళకో చేతులకు మట్టి అంటితే ఎంత సంతోషం వేసిందో! ఆఖరి రోజు చెయ్యెడల్పు సిమెంటు ముక్క మిగిలింది. దాని మీద ఉలి పెట్టబోతే ఆర్కిటెక్టు ఆపాడు. అది ఉండనీ అన్నాడు.

బావ ఆ ఇంట్లో మరో పదకొండేళ్ళు పనిచేశాడు. వచ్చిన ప్రతి అతిథికీ ఆ ముక్క చూపించి "ఇది మా బామ్మర్ది తెలివి" అనేవాడు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత నా కింద చేరిన కొత్త మేస్త్రీలను నేనే అక్కడికి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. ఆ పని నాదేనని చెప్పి, ఒక్కటే అడిగేవాణ్ణి: "రేపు మిమ్ముల ఎవరన్న పాళ్ళెంత అని అడిగితే, ముందుగాల ఏం జేస్తరు?"

ఒక్కొక్కరే వచ్చి గోడ మీద చెయ్యి పెట్టేవాళ్ళు.